లూథరన్ సంఘ పాలన, సభ్యత్వం: జాబితా సరిచూడడం నుంచి నియమావళి ఆమోదం వరకు

లూథరన్ సంఘాల (స్థానిక చర్చిల) కార్యదర్శులు, కౌన్సిల్ (సంఘం ఎన్నుకున్న కార్యవర్గం) సభ్యులు పదేపదే అడిగే ప్రశ్నలు మూడు: ఓటు ఎవరికి ఉంటుంది, జాబితాలోంచి పేరు తీసివేసే అధికారం ఎవరిది, కౌన్సిల్ తీర్మానానికీ సర్వసభ్య సమావేశ తీర్మానానికీ పొసగకపోతే ఏది నిలుస్తుంది. వీటికి జవాబు సంఘం ముందుగా రాసిపెట్టుకున్న కాగితాల్లో ఉండాలి. అక్కడ లేనప్పుడు ప్రతి ఎన్నికా, ప్రతి బదిలీ పత్రమూ మనుషుల మధ్య తగవుగా మారుతుంది.

చాలా సంఘాలు నియమావళి ముసాయిదాతో పని మొదలుపెడతాయి. ఆ క్రమాన్ని తిరగవేసి, ముందు సభ్యత్వ రిజిస్టరును సరిచేయాలని నా అభిప్రాయం. ముసాయిదాను ఆమోదించవలసింది ఓటు హక్కు ఉన్నవారు. వారెవరో తేలకుండా ఆమోదించిన నియమావళిని రేపు ఏ ఒక్కరైనా లేచి ప్రశ్నించవచ్చు, ఆ ప్రశ్నకు సంఘం దగ్గర సమాధానం ఉండదు.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి

పని కోసం ఒక చిన్న బృందాన్ని కౌన్సిల్ తీర్మానం ద్వారా నియమించండి. అందులో కార్యదర్శి, కాపరి (పాస్టర్), లెక్కలు తెలిసినవారు ఒకరు, పాత కుటుంబాలను ఎరిగినవారు ఒకరు, ఈమధ్య సంఘంలో చేరినవారు ఒకరు ఉంటే చాలు. కొత్తగా చేరినవారు తప్పనిసరి. అందరికీ తెలుసని మిగిలినవారు అనుకునే సంగతులు ఎక్కడా రాసి లేవన్న విషయం వారికే కనబడుతుంది.

బృందం బల్ల మీద ఉండవలసిన కాగితాలు ఇవి:

- ఇప్పుడు అమలులో ఉన్న నియమావళి, దానిని ఆమోదించిన సమావేశపు మినిట్స్
- బాప్తిస్మ, కన్ఫర్మేషన్ (బోధ పొంది సంఘం ఎదుట విశ్వాసాన్ని ఒప్పుకోవడం), వివాహ, మరణ రిజిస్టర్లు
- గత రెండు సంవత్సరాల ప్రభు భోజన హాజరు పట్టీ, కానుకల పుస్తకం
- సంఘం చేరి ఉన్న సినడ్ (అనేక సంఘాలు కలిసిన పై సభ) లేదా చర్చి సంస్థ నియమావళి, అది సంఘాలకు ఇచ్చే మాదిరి నియమావళి
- ప్రభుత్వ నమోదు పత్రాలు, ఆస్తి దస్తావేజులు
- 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన (లూథరన్ల ముఖ్య విశ్వాస పత్రం), 1529 నాటి మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరి (ప్రశ్న, జవాబుల రూపంలోని విశ్వాస బోధ పుస్తకం)

2. ఓటుకు వచ్చేవి, రానివి విడదీయడం

ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. సంఘ జీవితంలోని ప్రతి విషయాన్నీ వాటిలో ఏదో ఒకదానిలో వేయాలి.

మొదటి గడిలో వాక్యం, విశ్వాస ప్రకటన ఉంటాయి. వీటిని సంఘం అంగీకరిస్తుంది, మెజారిటీతో మార్చదు. అందుకే అనేక లూథరన్ నియమావళుల్లో విశ్వాస నిబంధనను మార్చరానిదిగా పేర్కొంటారు. సువార్తను శుద్ధంగా బోధించడం, సంస్కారాలను (బాప్తిస్మం, ప్రభు భోజనం) సరిగా నిర్వహించడం సంఘ ఐక్యతకు చాలునని ఆగ్స్‌బర్గ్ ప్రకటన 7వ అధికరణం చెబుతుంది. మనుషులు ఏర్పరచుకున్న ఆచారాలు అన్నిచోట్లా ఒక్కలా ఉండనక్కరలేదని కూడా అదే అధికరణం చెబుతుంది. క్రమంగా పిలుపు పొందనివారు సంఘంలో బహిరంగంగా బోధించకూడదనీ, సంస్కారాలను నిర్వహించకూడదనీ 14వ అధికరణం నిర్దేశిస్తుంది.

రెండవ గడిలో దేశ చట్టం, సంఘం చేరి ఉన్న పెద్ద చర్చి నియమాలు వస్తాయి. వీటిని సంఘం ఒంటరిగా మార్చలేదు.

మూడవ గడిలో మిగిలినదంతా వస్తుంది: కౌన్సిల్‌లో ఎంతమంది ఉండాలి, పదవీకాలం ఎంత, వార్షిక సమావేశం ఏ నెలలో, కోరం (సమావేశం చెల్లడానికి కావలసిన కనీస హాజరు) ఎంత, ఆరాధన ఏ వేళకు. విశ్వాస నిబంధనను చదివించగానే అందరూ తలలూపే సమావేశంలోనే ఆరాధన వేళ మార్పు మీద గంటసేపు వాదన జరగవచ్చు; అయినా ఆ వేళ మూడవ గడిలోనిదే, దానిని నియమావళిలోకి ఎక్కించకూడదు.

ఏ విషయమైనా ఏ గడిలోనిదో తేలకపోతే దానిని పక్కన రాసుకుని, సినడ్ అధికారిని లిఖితపూర్వకంగా అడగండి. బృందంలో ఓటు వేసి తేల్చవద్దు.

3. పెద్ద చర్చితో సంబంధాన్ని ఒక్క పేజీలో రాయడం

ఇది సంఘాన్ని బట్టి మారుతుంది. అమెరికాలోని లూథరన్ చర్చి మిస్సోరి సినడ్ నియమావళి 7వ అధికరణం ప్రకారం, సంఘాల స్వపరిపాలన హక్కు విషయంలో సినడ్‌ది సలహా ఇచ్చే స్థానమే. ఫిన్లాండ్, స్వీడన్‌లలోని లూథరన్ చర్చిలకు బిషప్పులు ఉంటారు; అక్కడి స్థానిక పాలక సభలను సభ్యులు నాలుగేళ్లకు ఒకసారి ఎన్నుకుంటారు. రెండు పద్ధతులూ లూథరన్ పద్ధతులే, ఎందుకంటే పాలనా రూపం మొదటి గడిలోనిది కాదు.

మీ సంఘానికి సంబంధించి ఈ ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబు రాయండి:

- కాపరిని ఎవరు పిలుస్తారు, ఎవరు నియమిస్తారు, ఎవరు తొలగించగలరు?
- ఆస్తి ఎవరి పేరున ఉంది, అమ్మాలంటే ఎవరి అనుమతి కావాలి?
- సంఘ నిర్ణయం మీద అప్పీలు ఎక్కడికి వెళ్తుంది?
- నియమావళి సవరణకు పై అనుమతి అవసరమా?
- పై సభలకు ప్రతినిధులను ఎవరు ఎన్నుకుంటారు?

4. సభ్యత్వ వర్గాలను నిర్వచించడం

లూథరన్ సంఘాల్లో సాధారణంగా కనిపించే వర్గాలు నాలుగు.

బాప్తిస్మం పొందిన సభ్యులు: త్రియేక దేవుని నామమున నీటితో బాప్తిస్మం పొంది, ఈ సంఘ జాబితాలో చేరిన శిశువులు, పెద్దలు అందరూ. వీరు సంఘంలో పూర్తిగా భాగస్థులు. ఓటు లేనంత మాత్రాన వీరి సభ్యత్వం సగం సభ్యత్వం కాదని నియమావళిలో స్పష్టంగా రాయడం మంచిది.

కన్ఫర్మేషన్ పొందిన సభ్యులు: ప్రశ్నోత్తరి బోధ పొంది, సంఘం ఎదుట తమ విశ్వాసాన్ని ఒప్పుకున్నవారు. పెద్దవయసులో బాప్తిస్మం పొందినవారు, వేరే లూథరన్ సంఘం నుంచి బదిలీపై వచ్చినవారు కూడా ఈ వర్గంలోకే వస్తారు. ప్రభు భోజనం తీసుకునేవారినీ ఈ వర్గాన్నీ ఒకటిగా రాసే ముందు మీ చర్చి పద్ధతి చూసుకోండి. కొన్ని చర్చిలు కన్ఫర్మేషన్‌కు ముందే పిల్లలకు బోధించి ప్రభు భోజనానికి అనుమతిస్తాయి; మరికొన్ని అనుమతించవు.

ఓటు హక్కు గల సభ్యులు: కన్ఫర్మేషన్ పొందినవారిలో అదనపు షరతులను నెరవేర్చినవారు. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ చర్చి తన సంఘాలకు ఇచ్చే మాదిరి నియమావళిలో, ప్రస్తుత సంవత్సరంలో గాని, అంతకు ముందటి సంవత్సరంలో గాని ప్రభు భోజనం తీసుకుని, నమోదైన కానుక ఏదైనా ఇచ్చినవారే ఓటు వేయగలరని ఉంటుంది. కానుక మొత్తం ఇంత అని అందులో లేదు. ఈ వివరాన్ని గమనించండి: కనీస మొత్తం నిర్ణయించిన రోజునే ఓటుకు ధర కట్టినట్టవుతుంది. కొన్ని సంఘాలు కనీస వయసును కూడా జోడిస్తాయి.

అనుబంధ సభ్యులు: మరో సంఘంలో సభ్యత్వం ఉంచుకుని, చదువు కోసమో ఉద్యోగం కోసమో కొంతకాలం ఇక్కడ ఆరాధించేవారు. వీరికి కాపరి సేవలు అందుతాయి, ఓటు మాత్రం సాధారణంగా ఉండదు.

నిర్వచనం రాసేటప్పుడు ప్రతి షరతూ ఒక పుస్తకంలో చూసి తేల్చగలిగేలా ఉండాలి. ఈ రెండు వాక్యాలను పోల్చండి.

బలహీనమైన నిబంధన: "సంఘ కార్యక్రమాల్లో చురుగ్గా పాల్గొనే సభ్యులకు ఓటు హక్కు ఉంటుంది."

నిలబడే నిబంధన: "కన్ఫర్మేషన్ పొందిన సభ్యుల జాబితాలో పేరు ఉండి, సమావేశం జరిగే సంవత్సరంలో గాని, అంతకు ముందటి క్యాలెండర్ సంవత్సరంలో గాని కనీసం ఒకసారి ఈ సంఘంలో ప్రభు భోజనం తీసుకున్నట్టు నమోదైనవారికి ఓటు హక్కు ఉంటుంది. మంచాన ఉన్నవారికి కాపరి ఇంటివద్ద ఇచ్చిన ప్రభు భోజనం కూడా ఇందులో లెక్కకు వస్తుంది."

మొదటి వాక్యంలో "చురుగ్గా" అన్న మాటను ఎవరు కొలవాలి? ఎన్నికల రోజున ఆ కొలత బలమున్న వర్గం చేతిలోకి పోతుంది. రెండవ వాక్యంలోని చివరి భాగం వృద్ధులను, రోగులను కాపాడుతుంది; దానిని మరచిన సంఘంలో అందరికంటే పాత విశ్వాసి ఓటు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

5. రిజిస్టరును వరుస వరుసగా సరిచూడడం

మొత్తం పనిలో ఎక్కువ ఓపిక కోరేది ఇదే, అందుకే చాలామంది దీనిని దాటవేస్తారు. తొందరపడకండి, పెద్ద సంఘమైతే దీనికి కొన్ని నెలలు పట్టవచ్చు.

ప్రతి వ్యక్తికీ ఒక వరుస కేటాయించండి. కుటుంబానికి ఒకే వరుస పెట్టడం పెద్ద చిక్కు తెస్తుంది, ఎందుకంటే సభ్యత్వం వ్యక్తిది. కుటుంబ సంఖ్యను పక్క గడిలో వేసుకోవచ్చు. వరుసలో ఉండవలసిన గడులు:

- రిజిస్టరు సంఖ్య, పూర్తి పేరు, పుట్టిన తేదీ
- బాప్తిస్మం తేదీ, స్థలం
- కన్ఫర్మేషన్ తేదీ, స్థలం
- సంఘంలో చేరిన తేదీ, చేరిన మార్గం
- చివరిగా ప్రభు భోజనం తీసుకున్న తేదీ
- సభ్యత్వం ముగిసిన తేదీ, కారణం, తీర్మానం సంఖ్య

పాత జాబితాలోని ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. "నలుగురు" అని మాత్రమే రాసి ఉంది. పుస్తకాలు తిరగేస్తే తండ్రి పేరున మూడేళ్ల కిందట బదిలీ పత్రం ఇచ్చిన మినిట్స్ కనబడతాయి. తల్లి క్రమంగా ప్రభు భోజనానికి వస్తున్నారు. పెద్ద కుమార్తెకు బాప్తిస్మం ఇక్కడే జరిగినా కన్ఫర్మేషన్ నమోదు లేదు. చిన్నవాడు మరో ఊళ్లో చదువుకుంటూ అక్కడి సంఘంలో ఆరాధిస్తున్నాడు. నలుగురనుకున్న ఆ ఇంట్లో బదిలీ అయినవారు ఒకరు, ఓటు హక్కు గలవారు ఒకరు, బాప్తిస్మ సభ్యురాలు ఒకరు, విచారించి తేల్చవలసినవారు ఒకరు ఉన్నారు. జాబితాలోని ప్రతి కుటుంబాన్నీ ఇలాగే విప్పి చూడాలి.

క్రమం ఇది:

1. పాత జాబితాను ఉన్నది ఉన్నట్టు ఒక ప్రతి తీసి, తేదీ వేసి భద్రపరచండి. దాని మీద కొట్టివేతలు వద్దు.
2. ప్రతి పేరునూ బాప్తిస్మ, కన్ఫర్మేషన్ రిజిస్టర్లతో సరిచూడండి.
3. మరణాలు, ఇచ్చిన బదిలీ పత్రాలు గుర్తించండి.
4. రెండేళ్లుగా కనబడనివారి పేర్లను "విచారణలో" అని గుర్తు పెట్టండి. తొలగించవద్దు.
5. వారి ఇళ్లకు కాపరి లేదా పెద్దలు వెళ్లిరావాలి. దూరంగా ఉంటే ఉత్తరం రాయాలి.
6. తాత్కాలిక జాబితాను సభ్యుల పరిశీలనకు పెట్టి, అభ్యంతరాలకు గడువు ప్రకటించండి.
7. అభ్యంతరాలను కౌన్సిల్ విచారించి, తుది జాబితాను తీర్మానం ద్వారా ఆమోదించాలి.

తాత్కాలిక జాబితాలో పేరు, వర్గం మాత్రమే ఉంచండి. ఎవరు ఎంత కానుక ఇచ్చారో, ఎవరు ఎన్నిసార్లు ప్రభు భోజనం తీసుకున్నారో గోడ మీద అంటించవలసిన సంగతులు కావు.

6. కొత్తవారిని చేర్చుకోవడం

చేరే మార్గాలు బాప్తిస్మం, కన్ఫర్మేషన్ లేదా విశ్వాసపు ఒప్పుకోలు, మరో లూథరన్ సంఘం నుంచి బదిలీ, గతంలో సభ్యత్వం కోల్పోయినవారి పునఃప్రవేశం. ప్రతి మార్గానికీ నియమావళిలో ఒక్కో చిన్న నిబంధన చాలు.

వేరే క్రైస్తవ శాఖలో త్రియేక నామమున నీటితో బాప్తిస్మం పొందినవారికి లూథరన్ సంఘం మళ్లీ బాప్తిస్మం ఇవ్వదు. వారికి చిన్న ప్రశ్నోత్తరి ఆధారంగా బోధ జరిపి, ఒప్పుకోలు ద్వారా చేర్చుకోవాలి. ఈ మాట నియమావళిలో లేనిచోట అత్యుత్సాహం వల్ల తప్పు జరుగుతుంది.

బదిలీ విషయంలో పత్రం వచ్చిన తరువాత కౌన్సిల్ తీర్మానం చేయాలి, ఆరాధనలో ప్రకటించాలి, పంపిన సంఘానికి "స్వీకరించాము" అని జవాబు రాయాలి. చివరి పని ఎక్కువగా మరచిపోయేది. జవాబు వెళ్లకపోతే ఒకే వ్యక్తి రెండు సంఘాల జాబితాల్లో ఏళ్ల తరబడి ఉండిపోతాడు.

7. నియమావళి, ఉపనియమాలు, నిలిచి ఉండే తీర్మానాలు

నియమావళిలో అరుదుగా మారేవి మాత్రమే ఉంచండి: సంఘం పేరు, విశ్వాస నిబంధన, సభ్యత్వ వర్గాలు, సర్వసభ్య సమావేశ అధికారం, కాపరి పిలుపు, కౌన్సిల్ ఏర్పాటు, క్రమశిక్షణ, ఆస్తి, సంఘం విడిపోతే ఆస్తి ఎవరికి చెందుతుంది, సవరణ పద్ధతి.

కమిటీల పనులు, నామినేషన్ల తేదీలు, లెక్కల తనిఖీ వివరాలు ఉపనియమాల్లోకి వెళ్తాయి. ఖర్చు మీద ఎవరు సంతకం పెట్టాలి, భవనాన్ని ఎవరికి ఇవ్వవచ్చు వంటి రోజువారీ ఏర్పాట్లకు కౌన్సిల్ తీర్మానం సరిపోతుంది. పై కాగితానికీ కింది కాగితానికీ పొసగకపోతే పై కాగితమే చెల్లుతుందని నియమావళిలో ఒక వాక్యం ఉండాలి.

8. ఎవరి అధికారం ఎంతవరకు

1523లో లూథర్, క్రైస్తవ సంఘానికి బోధను పరీక్షించే హక్కు, బోధకులను పిలిచే హక్కు ఉన్నాయని వాదించాడు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ఏడుగురిని ఎన్నుకున్నది శిష్యుల సమూహమే. అందువల్ల సంఘపాలిత పద్ధతిలో అత్యున్నత నిర్ణయాధికారం సర్వసభ్య సమావేశానిది. కౌన్సిల్ దాని తరఫున, దానికి జవాబుదారీగా పనిచేస్తుంది. ఆ అధికారం కూడా 2వ భాగంలోని మొదటి రెండు గడులకు లోబడే ఉంటుంది.

సర్వసభ్య సమావేశానికే వదలవలసినవి: కాపరి పిలుపు, కౌన్సిల్ ఎన్నిక, బడ్జెట్ ఆమోదం, ఆస్తి కొనడం, అమ్మడం, తాకట్టు పెట్టడం, నియమావళి సవరణ.

కౌన్సిల్ చేయగలిగినవి: బడ్జెట్‌కు లోబడి ఖర్చు, సభ్యత్వ జాబితా నిర్వహణ, బదిలీలు, ఖాళీ అయిన పదవిని మిగిలిన కాలానికి నింపడం, సమావేశపు ఎజెండా సిద్ధం చేయడం.

కాపరి స్థానం గురించి ఎక్కువ గందరగోళం ఉంటుంది. వాక్య బోధ, సంస్కారాల నిర్వహణ, పాప క్షమాపణ ప్రకటన ఆయన పిలుపులోని పనులు; వాటిని ఎలా బోధించాలో కౌన్సిల్ ఆదేశించజాలదు, బోధ లేఖనానికీ విశ్వాస ప్రకటనకూ విరుద్ధమైతే మాత్రం ప్రశ్నించవచ్చు, ప్రశ్నించాలి. డబ్బు, భవనం, ఒప్పందాలు కౌన్సిల్ పనులు. వాటిలో కాపరి సలహా ఇవ్వవచ్చు. చెక్కుల మీద కాపరి ఒక్కరి సంతకంతో పని నడిచే ఏర్పాటు ఎంత మంచి కాపరి ఉన్నచోటైనా వద్దు. ఆ సంతకం ఆయనకు రక్షణ కూడా కాదు.

కౌన్సిల్ పదవులకు అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి సరిపోతారు. ఒకే ఏడు కౌన్సిల్ అంతా మారిపోకుండా మూడో వంతు చొప్పున పదవీకాలాలు ముగిసేలా అమర్చండి. వరుసగా రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదన్న పరిమితి కూడా పెట్టండి.

9. సమావేశం చెల్లేలా నడపడం

నోటీసు ఎన్ని రోజుల ముందు, ఏ మార్గంలో ఇవ్వాలో రాయండి. వరుసగా రెండు ఆదివారాల ఆరాధనల్లో ప్రకటించడంతో పాటు రాతపూర్వక నోటీసు కూడా ఉండడం మేలు. ప్రత్యేక సమావేశంలో నోటీసులో పేర్కొన్న విషయం తప్ప మరొకటి చేపట్టకూడదు.

కోరం మరీ ఎక్కువ పెడితే సమావేశాలే జరగవు. మరీ తక్కువ పెడితే రెండు కుటుంబాలు సంఘాన్ని నడుపుతాయి. గత కొన్ని వార్షిక సమావేశాల హాజరు చూసి, ఓటర్ల జాబితాలో శాతంగా నిర్ణయించండి.

మెజారిటీ దగ్గర పొరపాటు ఎక్కువ. "మూడింట రెండు వంతులు" అని మాత్రమే రాస్తే సరిపోదు, దేనిలో అన్నది చెప్పాలి. జాబితాలో 120 మంది ఓటర్లు ఉన్నారు, 60 మంది వచ్చారు, 54 మంది ఓటు వేశారు అనుకుందాం. జాబితా మొత్తంలో లెక్కిస్తే 80 ఓట్లు కావాలి, అవి రావడమే అసాధ్యం. హాజరైనవారిలో అయితే 40, ఓటు వేసినవారిలో అయితే 36. 38 మంది అనుకూలంగా వేశారంటే తీర్మానం ఒక లెక్కలో నెగ్గింది, మరో లెక్కలో ఓడింది. "హాజరై ఓటు వేసినవారిలో" అన్న మాటలు ఈ తగవును ముందే తీరుస్తాయి.

సమావేశం రోజు చూసుకోవలసినవి:

- తలుపు దగ్గర తుది ఓటర్ల జాబితా, సంతకాల పుస్తకం
- కోరం ఉందని అధ్యక్షుడి ప్రకటన, సమయంతో సహా మినిట్స్‌లో నమోదు
- ఎన్నికలకు, కాపరి పిలుపుకు రహస్య ఓటు
- పోటీలో లేని ఇద్దరు లెక్కింపుదారులు
- ప్రతి తీర్మానానికీ ప్రతిపాదించినవారు, బలపరచినవారు, అనుకూల, వ్యతిరేక ఓట్ల సంఖ్య

ఒకరి తరఫున మరొకరు ఓటు వేయడం అనుమతిస్తారో లేదో నియమావళిలో చెప్పండి. చర్చ విన్నవారే ఓటు వేయాలన్న ఉద్దేశంతో దీనిని నిషేధించడమే మంచిదని నేను అనుకుంటాను.

10. కాపరిని పిలవడం

పద్ధతి పెద్ద చర్చిని బట్టి మారుతుంది గనుక 3వ భాగంలో రాసుకున్న జవాబు ఇక్కడ పనికొస్తుంది. సంఘమే పిలిచే చోట సాధారణ క్రమం ఇలా ఉంటుంది: ఖాళీ ఏర్పడినట్టు బిషప్ లేదా సినడ్ అధ్యక్షునికి తెలియజేయడం, తాత్కాలిక ఏర్పాటు, పిలుపు కమిటీ నియామకం, సంఘ అవసరాలను వివరించే పత్రం, అభ్యర్థుల పేర్లు అందుకోవడం, కమిటీ మాట్లాడి ఒక పేరును కౌన్సిల్ ద్వారా సమావేశం ముందుంచడం, రహస్య ఓటు, పిలుపు పత్రం పంపడం, అంగీకారం, ప్రతిష్ఠా ఆరాధన.

పిలుపు పత్రంలో కాపరి బాధ్యతలతో పాటు జీతం, నివాసం, సెలవు, రెండు వైపులా ఇవ్వవలసిన నోటీసు కాలం ఉండాలి. నోటిమాటగా ఇచ్చిన హామీని పత్రంలో చేర్చలేదంటే, ఇచ్చిన కౌన్సిల్ దిగిపోయాక ఆ హామీ కూడా పోతుంది.

11. సభ్యత్వం ముగియడం, క్రమశిక్షణ

ఈ రెండింటినీ కలిపేయడం నేను చూసినంతలో అన్నిటికంటే బరువైన తప్పు. సభ్యత్వం మరణం వల్ల, బదిలీ వల్ల, రాజీనామా వల్ల, ఎక్కువకాలం కనబడకపోవడం వల్ల ముగుస్తుంది. ఇవి జాబితా పనులు. క్రమశిక్షణ అనేది పశ్చాత్తాపం లేని బహిరంగ పాపం విషయంలో ఆత్మను తిరిగి సంపాదించుకోవడానికి చేసే పని. ఆరాధనకు రానివారిని ఒక ఆఫీసు ఉత్తరంతో తీసివేయడం క్రమశిక్షణ కాదు, కాపరి పని అంతకంటే కాదు.

కనబడనివారి విషయంలో: ముందు పరామర్శ, తరువాత ఉత్తరం, జవాబుకు గడువు, రెండవ ఉత్తరం, ఆ తరువాతే కౌన్సిల్ తీర్మానం. పేరును "నిష్క్రియ" జాబితాకు మార్చి, తిరిగి వస్తే ఎలా చేర్చుకుంటారో ఉత్తరంలోనే చెప్పండి. వారి పిల్లలకు బోధ, రోగులకు పరామర్శ ఆపవలసిన పని లేదు.

క్రమశిక్షణకు మత్తయి 18:15-17 క్రమం ఆధారం:

1. తప్పిదం ఎరిగినవారు ఒంటరిగా, ఏకాంతంగా మాట్లాడాలి.
2. వినకపోతే ఒకరిద్దరు సాక్షులతో మళ్లీ వెళ్లాలి.
3. అప్పటికీ వినకపోతే కాపరి, పెద్దల ద్వారా సంఘానికి తెలియజేయాలి.
4. సంఘ తీర్మానం చివరి మెట్టు.

లూథరన్ నియమావళిలో దీనికి చేర్చవలసిన రక్షణలు: ఆరోపణ రాతపూర్వకంగా ఉండాలి, ఆ వ్యక్తికి ముందుగా ప్రతి అందాలి, తన పక్షం చెప్పుకునే అవకాశం, తోడు తెచ్చుకునే అవకాశం ఉండాలి, ఆరోపించినవారు తీర్పు చెప్పేవారిలో ఉండకూడదు, పై సభకు అప్పీలు ఉండాలి. సంఘాధికారం బలవంతంతో కాక వాక్యంతోనే నడవాలని ఆగ్స్‌బర్గ్ ప్రకటన 28వ అధికరణం అంటుంది గనుక జరిమానాలు, ఇళ్లకు రాకపోకలు ఆపే ఆంక్షలు వంటివి సంఘ తీర్మానంలో ఉండకూడదు. పశ్చాత్తాపపడినవారిని క్షమించి ఆదరించాలన్న 2 కొరింథీయులకు 2:6-8 మాటకు తగినట్టు, తిరిగి చేర్చుకునే మార్గం అదే నిబంధనలో ఉండాలి.

ఒక ముఖ్యమైన హద్దు ఉంది. పిల్లల మీద లైంగిక హింస, గృహహింస, సొమ్ము దొంగతనం వంటి నేరారోపణలను ఏకాంత సంభాషణతో మొదలుపెట్టకండి. బాధితులను నిందితుడి దగ్గరికి ఒంటరిగా వెళ్లమనడానికి మత్తయి 18ని వాడడం తప్పు. వెంటనే చట్టపరమైన అధికారులకు తెలపాలి. ఆరోపణ కాపరి మీద అయితే బిషప్‌కు లేదా సినడ్ అధ్యక్షునికి కూడా.

12. తరచుగా జరిగే తప్పులు, వాటి సవరణ

కుటుంబ పెద్దకు ఒకే ఓటు ఇవ్వడం: ఇది భార్య, పెద్దైన పిల్లల సభ్యత్వాన్ని తుడిచేస్తుంది. వ్యక్తిగత ఓటుకు మార్చి, అందుకు సవరణ తీర్మానం చేయండి.

ఎన్నికలకు ముందు వారంలో పేర్లు చేర్చడం: నోటీసు వెలువడిన రోజు నుంచి ఓటర్ల జాబితాలో మార్పులు నిలిచిపోతాయని ఉపనియమం పెట్టండి.

వేరే సంఘం నియమావళిని పేరు మార్చి నకలు తీయడం: అందులోని పై సభ సంబంధం మీది కాకపోవచ్చు. పెద్ద చర్చి ఇచ్చిన మాదిరితో మొదలుపెట్టి, మారిస్తే ఏది ఎందుకు మార్చారో పక్కన రాయండి.

కోశాధికారి బంధువే లెక్కలు తనిఖీ చేయడం: కౌన్సిల్‌లో లేనివారిని, బంధుత్వం లేనివారిని సర్వసభ్య సమావేశం ఎన్నుకోవాలి.

మినిట్స్ తరువాతి సమావేశం దాకా రాయకపోవడం: వారంలోగా ముసాయిదా రాసి అధ్యక్షుడికి చూపించాలని కార్యదర్శి విధుల్లో చేర్చండి.

13. ఆమోదం, అమలు

తుది ఓటర్ల జాబితా ఆమోదం పొందాకే ముసాయిదాను సర్వసభ్య సమావేశానికి తీసుకురండి. అంతకు ముందు పై చర్చి అధికారికీ, ఆస్తి నిబంధనల కోసం న్యాయవాదికీ చూపించండి. సభ్యులందరికీ ప్రతులు అందాక ఒక సమావేశం చర్చకు మాత్రమే పెట్టి, ఓటు మరో సమావేశంలో తీసుకోవడం మేలు. ఒకే రోజు చదివి ఒకే రోజు ఆమోదించిన నియమావళిని ఆ సాయంత్రమే సవరించవలసి వస్తుంది.

సవరణకు పాత నియమావళిలో ఉన్న మెజారిటీనే పాటించాలి. కొత్త ముసాయిదాలో ఉన్న మెజారిటీ దానిని ఆమోదించే రోజున వర్తించదు.

ఆమోదించిన రోజునే చేయవలసినవి:

- అమలులోకి వచ్చే తేదీని తీర్మానంలో పేర్కొనడం
- ప్రతి పేజీ మీద అధ్యక్షుడు, కార్యదర్శి సంతకాలు
- పాత కౌన్సిల్ పదవీకాలం ఎప్పటివరకో తెలిపే మార్పు నిబంధన
- ఒక ప్రతి పై చర్చికి, ఒకటి నమోదు అధికారికి, ఒకటి సంఘ భద్రపేటికలోకి
- కొత్త రిజిస్టరు మొదటి పేజీలో ఆమోద తేదీ, తీర్మానం సంఖ్య

తరువాత ఏటా వార్షిక సమావేశానికి రెండు నెలల ముందు రిజిస్టరును 5వ భాగంలోని క్రమంలో మళ్లీ సరిచూడాలి. మొదటిసారి నెలలు పట్టిన పని రెండో ఏడు నుంచి కొన్ని సాయంత్రాల్లో పూర్తవుతుంది.